పత్తి చేను, పిచికారీ, ఫోను సలహా: జూలూరుపాడు అటవీ సరిహద్దు గ్రామాలకు మూడు శాస్త్రాలు చెప్పేది

తల్లాడ నుండి ఏన్కూరు మీదుగా కొత్తగూడెం పోయే దారిలో జూలూరుపాడు ప్రాంతానికి చేరేసరికి పత్తి చేల వెనుక అడవి అంచు కనిపిస్తుంది. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడేవరకు ఈ మండలం ఖమ్మం జిల్లాలో భాగం. ఎర్ర చెల్కలు, అక్కడక్కడ నల్లరేగడి. సాగు అధికంగా వర్షాధారం. పంటలలో పత్తి ముఖ్యమైనది. సాగుచేసేవారిలో కోయ, లంబాడా కుటుంబాలు గణనీయంగా ఉన్నాయి. ఇంట్లో మాట్లాడే భాష ఒకటి, బజారులో మందు డబ్బా మీద ఉండే భాష మరొకటి అయిన కుటుంబాలు ఇవి.

ఇక్కడి పత్తి సమస్యను కీటకశాస్త్రం ఒక తీరుగా, వైద్యశాస్త్రం ఒక తీరుగా, సమాచార సాంకేతికత మరొక తీరుగా అధ్యయనం చేస్తున్నాయి. మూడింటిలోనూ మంచి పరిశోధనలు వచ్చాయి. అయితే చేనులో ఈ మూడూ వేర్వేరు విషయాలు కావు. భాద్రపదంలో ఒక ఉదయం భర్త ట్యాంకు భుజానికెత్తుకొని సాళ్లలోకి దిగడం, భార్య గట్టు మీద బకెట్టులో మందు కలపడం అనే ఒకే పనిలో మూడూ కలిసి ఉన్నాయి. ఏ పురుగు కోసం కొడుతున్నారు, ఎవరి ఒంటిమీద పడుతున్నది, కొట్టమని ఎవరు చెప్పారు అనే మూడు ప్రశ్నలను విడదీసి ఇచ్చే సలహా సగం సలహాయే అవుతుందని ఇంతవరకు వెలువడిన ఆధారాలు సూచిస్తున్నాయి.

పురుగు కాయలోకి వెళ్లేలోపు

మన దేశంలో బీటీ పత్తికి 2002 మార్చిలో అనుమతి లభించింది. క్రై1ఎసి అనే ఒకే విషప్రోటీను గల ఆ తొలి రకం తరువాత, క్రై1ఎసి, క్రై2ఎబి రెండూ గల బోల్‌గార్డ్-2 2006లో వచ్చింది. శనగపచ్చ పురుగు మీద ఈ సాంకేతికత సాధించిన ఫలితాన్ని ఎవరూ కాదనలేరు. ఒక సీజనులో పదిహేను ఇరవై సార్లు మందు కొట్టిన 1990ల వరంగల్, ఖమ్మం రైతుకు అది నిజమైన ఊరట. గులాబీ రంగు కాయతొలుచు పురుగు విషయం వేరు. గుజరాత్‌లో ఇది క్రై1ఎసిని తట్టుకొంటున్నదని 2010లో ప్రకటన వెలువడింది. మరి నాలుగైదేళ్లకే బోల్‌గార్డ్-2 చేలలోనూ బతికిన పురుగులు కనిపించాయి. ఆపై మధ్య, దక్షిణ భారత పత్తి ప్రాంతాలకు సమస్య విస్తరించింది.

నిరోధకత ఇంత త్వరగా రావడానికి చెప్పే కారణాలలో రెండు విద్యార్థులు శ్రద్ధగా గమనించదగినవి. మొదటిది పురుగు ఆహారపు అలవాటు. శనగపచ్చ పురుగుకు కంది, శనగ, టమాటా వంటి అనేక ఆశ్రయాలున్నాయి. బీటీ విషం సోకని చోట పెరిగిన పురుగులు చేనులోని నిరోధక పురుగులతో జతకట్టి ఆ గుణాన్ని పలుచన చేస్తాయి. గులాబీ పురుగు ఆచరణలో పత్తినే నమ్ముకొన్న పురుగు. బీటీ లేని పత్తిని అంచు సాళ్లుగా వేయమని సంచితోపాటు ఇచ్చిన గింజలను రైతులు చాలా చోట్ల వేయలేదు. ఎందుకు వేయలేదో తెలుసుకొనే ప్రయత్నం కూడా తక్కువే జరిగింది. రెండవది మన దేశానికి ప్రత్యేకమైనది. ఇక్కడ బీటీ జన్యువులు సూటి రకాలలో కాక సంకరాలలో వచ్చాయి. సంకర మొక్క మీద కాసే కాయలోని గింజలలో జన్యువులు విడిపోతాయి. కొన్ని గింజలలో రెండు విషాలు, కొన్నింటిలో ఒకటి, కొద్ది గింజలలో ఏదీ ఉండదు. గులాబీ పురుగు తినేది గింజనే. కనుక ఒకే కాయలో అది తక్కువ మోతాదు విషానికి అలవాటుపడే పాఠశాల దొరికినట్లయింది.

ఇక జీవితచక్రం. గుడ్డు పొదగడానికి సుమారు 4-5 రోజులు పడుతుంది. పిల్లపురుగు బయటపడిన కొద్ది గంటలలోనే మొగ్గలోకో లేత కాయలోకో దూరుతుంది. దూరిన రంధ్రం పూడుకుపోతుంది. పూరేకులు విడివడక ముడుచుకొని ఉండే గుడ్డిపూలు, తరువాత గింజలు జతగా అతుక్కొని ఉండడం తప్ప బయటికి కనిపించే లక్షణాలు తక్కువ. లోపలికి వెళ్లిన పురుగు మీద పైనుంచి కొట్టే ఏ మందూ సరిగా పనిచేయదు. గుడ్డ తడిసేలా కొట్టినా పురుగు తడవదన్నమాట.

అందువలననే విత్తిన 45 రోజుల నుండి లింగాకర్షక బుట్టలు పెట్టి రెక్కల పురుగులను లెక్కించమని సిఫార్సు. ఉనికి తెలుసుకొనేందుకు ఎకరానికి రెండు బుట్టలు చాలు. వరుసగా మూడు రాత్రులు బుట్టకు ఎనిమిది చొప్పున పడితే, లేదా పది శాతం పూలు గుడ్డిపూలైతే, లేదా కోసి చూసిన 20 పచ్చి కాయలలో రెండింటిలో పురుగు కనిపిస్తే అది ఆర్థిక నష్ట పరిమితి. ఇక్కడ ఒక చిన్న లెక్క అవసరం. తొలి రాత్రి పెట్టిన గుడ్లు, మూడవ రాత్రి లెక్క పూర్తయ్యేసరికి రెండు రోజుల వయసువి అవుతాయి. అవి పొదిగి పురుగులు కాయలలో చేరడానికి మిగిలేది మరి రెండు మూడు రోజులే. బుట్ట లెక్క వ్యవసాయ విస్తరణాధికారికి చేరి, అక్కడినుంచి సలహా తిరిగి ఊరికి రావడానికి వారం పడితే, ఆ సలహా శాస్త్రరీత్యా సరైనదే అయినా చేనులో పనికిరాదు. ఆలస్యంగా వచ్చిన సరైన సలహా ఇంకొక నష్టం కూడా చేస్తుంది: పురుగు చావడం లేదని రైతు రెండు మూడు మందులు కలిపి మళ్లీ కొడతాడు.

మందు కలిపే చేయి

పిచికారీ వలన వ్యవసాయదారుల ఆరోగ్యానికి కలిగే హానిపై తెలుగు నేలమీద జరిగిన అధ్యయనాలలో ఫ్రాన్చెస్కా మాంచిని బృందం 2005లో ప్రచురించినది ప్రత్యేకంగా చెప్పుకోదగినది. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు గ్రామాలలో 50 మంది పత్తి సాగు మహిళలు ఐదు నెలలపాటు తమకు, తమ ఇంటి మగవారికి పిచికారీ తరువాత కనిపించిన లక్షణాలను తామే నమోదు చేశారు. నమోదైన 323 సందర్భాలలో 83.6 శాతం స్వల్పం నుండి తీవ్రం వరకు విషప్రభావ లక్షణాలతో కూడినవి. 6 శాతం సందర్భాలలో నాడీ సంబంధమైన ప్రభావం మిక్కిలి తీవ్రంగా ఉన్నది. అయినా ఒక్కరు కూడా వైద్యుని వద్దకు వెళ్లలేదు. తలతిప్పడం, చెమటలు, కళ్లు మంటలు అన్నీ ‘మందు కొట్టిన రోజు మామూలే’ అనే లెక్కలో కలిసిపోయాయి. సన్నకారు రైతులలో తీవ్ర లక్షణాలు ఎక్కువ.

ఆ అధ్యయనం మరొక విషయాన్ని బయటపెట్టింది. స్త్రీలు పిచికారీ చేయకపోవచ్చు, కాని మందు కలిపేదీ ట్యాంకు నింపేదీ ఎక్కువగా వారే. ఈ పనిని ‘సాయం’గా పరిగణించినందున దాని ప్రమాదం ఎవరి లెక్కలోకీ రాలేదు. లీటరు నీటికి 2 మి.లీ. చొప్పున కొట్టే మందును తీసుకొంటే, డబ్బాలోని ద్రవం ట్యాంకులోని ద్రవం కంటే 500 రెట్లు గాఢమైనది. ఎకరానికి 200 లీటర్ల పిచికారీకి 16 లీటర్ల ట్యాంకులు పన్నెండు పైచిలుకు కావాలి. మూడెకరాల చేనుకు ఆ చేయి 38 సార్లు డబ్బా మూత తీస్తుంది. చేతి తొడుగు, కలపడానికి పొడవైన కర్ర, దగ్గరలో సబ్బు, నీళ్లు లేకపోతే ఆ స్త్రీ చర్మానికి అందే మందు పిచికారీ చేసిన పురుషునికి అందేదానికి తీసిపోదు. శిక్షణ శిబిరాలకు పిలిచేది మాత్రం ట్యాంకు మోసేవానిని.

వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి రికార్డుల ఆధారంగా అదే 2005లో వెలువడిన మరొక అధ్యయనం చేదు విషయాలు చెప్పింది. 1997-2002 మధ్య పురుగుమందుల విషప్రభావంతో అక్కడ చేరినవారు 8,040 మంది; మరణించినవారు 22.6 శాతం. అయితే 2002 సంవత్సరపు వివరాలను లోతుగా పరిశీలించినప్పుడు ఈ కేసులలో 96 శాతం ఉద్దేశపూర్వకంగా సేవించినవేనని తేలింది. కాబట్టి ఈ సంఖ్యను పిచికారీ ప్రమాదాల సంఖ్యగా ఉటంకించడం తప్పు. విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలలో ఈ పొరపాటు జరిగే అవకాశం ఉన్నది. అయినా రెండింటికీ మూలం ఒకటే. మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్ వంటి అత్యంత విషపూరితమైన మందులు ఇంటి చూరులో అందుబాటులో ఉండడమే ఆ మూలం. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు నిలిపివేసింది. 36 శాతం మోనోక్రోటోఫాస్‌కు స్వస్తి చెప్పే ఉత్తర్వును కేంద్రం 2023లో జారీచేసింది.

ప్రమాదవశాత్తు జరిగే విషప్రభావం ఎంత తీవ్రం కాగలదో 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ చూపింది. ఆ సీజనులో ఇరవై మందికి పైగా మరణించారు. మనిషి ఎత్తు దాటిన పత్తి, ఉక్కపోత, ముఖం మీదికే తుంపరలు విసిరే యంత్రాలు, రెండు మూడు మందుల మిశ్రమం అక్కడ కలిసివచ్చాయి. భద్రాద్రి ప్రాంతంలో సెప్టెంబరు, అక్టోబరు నెలల వాతావరణం దీనికి ఎంతో భిన్నం కాదు. ఇటువంటి వేడిలో పూర్తి రక్షణ దుస్తులు ధరించమనడం పుస్తకంలో చదవడానికి బాగుంటుంది. గాలి వాలు చూసుకొని నడవడం, ఉదయం చల్లపూట కొట్టడం, మందులు కలపకపోవడం, తడిసిన బట్టలు వెంటనే విప్పి సబ్బుతో కడుక్కోవడం అనేవి ఆచరించగలిగినవి. లక్షణాలు కనిపించినవారిని ఆసుపత్రికి తీసుకుపోయేటప్పుడు డబ్బానో దాని చీటీనో వెంట తీసుకువెళ్లడం అంతకంటె ముఖ్యం. ఆర్గానోఫాస్ఫేట్ విషానికి అట్రోపిన్ ఇస్తారు; పైరిత్రాయిడ్‌కు, నియోనికోటినాయిడ్‌కు చికిత్స వేరు. ఏ మందో తెలియకపోతే వైద్యుడు లక్షణాలను బట్టి ఊహించవలసివస్తుంది.

పొరుగున ఉన్న పునుకుల

ఈ సమస్యకు ఒక ఊరు ఇచ్చిన జవాబు జూలూరుపాడుకు ఎంతో దూరంలో లేదు. పాల్వంచ మండలంలోని పునుకులలో 1999 ప్రాంతంలో ‘సెక్యూర్’ అనే స్వచ్ఛంద సంస్థ పురుగుమందులు లేని సస్యరక్షణను ప్రారంభించింది. వేసవి దుక్కులు, దీపపు ఎరలు, లింగాకర్షక బుట్టలు, బంతి, ఆముదం వంటి ఎర పంటలు, వేపగింజల కషాయం, పచ్చిమిర్చి-వెల్లుల్లి ద్రావణం వీటి కలయిక ఇది. 2003-04 నాటికి గ్రామం తనను పురుగుమందులు లేని గ్రామంగా ప్రకటించుకొన్నది. ఆ అనుభవం తరువాత సెర్ప్ ద్వారా స్వయం సహాయక సంఘాల మార్గంలో ఉమ్మడి రాష్ట్రంలోని ఇతర జిల్లాలకు విస్తరించింది.

పునుకులను గురించి రాసినవారు సాధారణంగా రెండు కొసలకు పోతారు. కొందరు దానిని అన్ని చోట్లకూ మందు అంటారు, కొందరు అది బీటీ పత్తి వ్యాప్తి వలన వచ్చిన తగ్గుదలే అంటారు. రెండవ వాదనలో కాలక్రమ దోషం ఉన్నది. ఇక్కడ మార్పు మొదలయ్యేనాటికి బీటీ పత్తికి అనుమతే రాలేదు. మొదటి వాదనలో జీవశాస్త్ర దోషం ఉన్నది. అక్కడ ఎదుర్కొన్న ప్రధాన శత్రువులు ఆకు మీద, కాయ మీద బయట తిరిగే శనగపచ్చ పురుగు, రసం పీల్చే పురుగులు. ఐదు శాతం వేపగింజల కషాయం గులాబీ పురుగు గుడ్లు పెట్టడాన్ని కొంత అడ్డుకొనగలదు గాని, కాయలో చేరినదానిని చేరుకోలేదు. కనుక పునుకుల పద్ధతిని యథాతథంగా జూలూరుపాడుకు తెచ్చినంతమాత్రాన పని జరగదు.

తేదగినది వేరే ఉన్నది. అక్కడ చేనును చూసి నిర్ణయం తీసుకొనే పని దుకాణం నుండి ఊరి సమావేశానికి మారింది, అందులో స్త్రీలు కూర్చున్నారు. వేపగింజలు ఏరి, ఎండబెట్టి, దంచే పని కూడా వారి మీదనే పడిందన్నది మరువరాదు. వంద లీటర్ల కషాయానికి ఐదు కిలోల పప్పు పొడి కావాలి, దానిని రాత్రంతా నానబెట్టాలి, వడకట్టాలి. విషం కలిపే పని పోయి దంచే పని వచ్చింది. అది ఆరోగ్యానికి మేలు, నడుముకు కాదు. పొడిచేసే యంత్రం లేని చోట ఈ సిఫార్సు ఎందుకు నిలవదో దీనివలన అర్థమవుతుంది.

ఫోను ఏమి మార్చగలదు

కిసాన్ కాల్ సెంటర్లు 2004 జనవరి 21న ప్రారంభమయ్యాయి. మొదట 1551, ఇప్పుడు 1800-180-1551. తెలుగులో సలహా దొరుకుతుంది, ఖర్చు లేదు. ఆ తరువాత సంక్షిప్త సందేశాలు, వాట్సప్ బృందాలు, చరవాణి అనువర్తనాలు వచ్చాయి. ఇవి నిజంగా ఏమి మార్చాయి అన్నదానిపై షాన్ కోల్, నీలేశ్ ఫెర్నాండో గుజరాత్ పత్తి రైతులతో రెండేళ్లు జరిపిన ప్రయోగం 2021లో ప్రచురితమైంది. సందేశం రాతలో కాక గొంతులో వెళ్లింది; రైతు తన ప్రశ్నను మాటలలోనే నమోదు చేయవచ్చు. ఫలితాలు జాగ్రత్తగా చదవవలసినవి. రైతులు ఆ సేవను నమ్మారు, సమాచారం కోసం ఆధారపడే చోటును మార్చుకొన్నారు, సిఫార్సు చేసిన ఉత్పాదకాలను స్థిరంగా వాడారు. దిగుబడిలో, లాభంలో మాత్రం స్పష్టమైన పెరుగుదల కనిపించలేదు.

ఈ ఫలితాన్ని నిరాశతో చూడనక్కరలేదు. ఏ మందు కొనాలన్న నిర్ణయాన్ని ఫోను మార్చగలిగినప్పుడు, ఎర్ర త్రికోణపు డబ్బా స్థానంలో నీలి, ఆకుపచ్చ త్రికోణపు డబ్బా కొనేలా చేయడం కూడా దాని శక్తిలో ఉన్నదే. దిగుబడి మారకపోయినా పిచికారీ చేసినవారి ఒంటికి అది లాభమే. విస్తరణ ఫలితాలను క్వింటాళ్లలో, రూపాయలలో మాత్రమే కొలిచే అలవాటు వలన ఈ లాభం ఎక్కడా నమోదు కాదు.

బుట్టలో పడిన రెక్కల పురుగుల ఛాయాచిత్రాన్ని చూసి వాటిని లెక్కించే కృత్రిమ మేధ అనువర్తనాలు కూడా వచ్చాయి. వాధ్వానీ ఏఐ సంస్థ రూపొందించిన ‘కాటన్‌ఏస్’ వీటిలో ఒకటి. పైన చెప్పిన రెండు మూడు రోజుల వ్యవధిని దృష్టిలో పెట్టుకొంటే ఇటువంటి సాధనం విలువ తెలుస్తుంది: లెక్క, నిర్ణయం ఒకే ఉదయం జరిగిపోతాయి. కాని అడవి అంచు గూడెంలో సిగ్నల్ అందే చోటు వెదుక్కోవలసి ఉంటుంది. మంచి ఫోను ఇంటి కుర్రవాని చేతిలో ఉంటుంది, వాడు పగలు ఊళ్లో ఉండడు. ఎనిమిది వరకు లెక్కపెట్టడానికి యంత్రం ఎందుకన్న ప్రశ్న కూడా సహేతుకమే. యంత్రం అవసరం లెక్కకు కాదు, పదిమంది చేల లెక్కలను ఒకచోట చేర్చడానికి. గులాబీ పురుగు గట్టు చూసి ఆగదు. ఒక చేనులో పరిమితి దాటిన సంగతి పక్క నాలుగు చేలకూ ఆ పూటే తెలియాలి.

జూలూరుపాడులో చేయదగిన పరిశీలన

కాల్ సెంటరుకు వచ్చిన ప్రశ్నల రికార్డులలో జిల్లా, మండలం, పంట, ప్రశ్న, ఇచ్చిన జవాబు ఉంటాయి. ప్రశ్న అడిగిన మనిషి ఆ వారం పిచికారీ చేశాడా, చేసినప్పుడు ఏమైంది అన్నదానికి గడి లేదు. ఆసుపత్రి చీటీలో విషం పేరు ఉంటే ఉంటుంది. ఏ పురుగు కోసం, పంట ఏ దశలో, ఎవరి సలహాపై కొట్టారన్నది ఉండదు. ఈ రెండు కాగితాలు ఎక్కడా కలవవు. మాంచిని బృందం ఆనాడు స్త్రీల చేతికి ఇచ్చిన నమోదు పత్రం ఆ రెంటినీ కలిపినది. దానిని ఇరవై ఏళ్ల తరువాత గొంతు సందేశంగా మార్చడం కష్టమైన పని కాదు.

కొత్తగూడెం సమీపంలోని గరిమెళ్ళపాడు కృషి విజ్ఞాన కేంద్రం, వైరా కేంద్రం, అశ్వారావుపేట వ్యవసాయ కళాశాల ఈ మండలానికి అందుబాటులో ఉన్నాయి. స్నాతకోత్తర విద్యార్థి ఒకరు రెండు సీజన్లలో చేయగల పరిశీలన ఇది: నాలుగు గూడేలలో ఎకరానికి రెండు బుట్టలు; ప్రతి ఉదయం లెక్కను స్వయం సహాయక సంఘంలోని ఒక స్త్రీ గొంతుతో, కోయలోనైనా లంబాడీలోనైనా, పంపడం; మూడవ రోజు సాయంత్రంలోగా అదే భాషలో జవాబు; జవాబులో కొట్టాలా వద్దా అన్నది, కొట్టవలసివస్తే ఏ ఒక్క మందు, ట్యాంకుకు ఎన్ని మూతలు అన్నది. పిచికారీ జరిగిన మరునాడు రెండు ప్రశ్నలు మాత్రమే: నిన్న మందు కలిపింది ఎవరు, రాత్రి వారికి ఎట్లా ఉన్నది. పోల్చడానికి మరి నాలుగు గూడేలలో ఇప్పుడు జరుగుతున్న పద్ధతి. కొలతలు గుడ్డిపూల శాతం, పిచికారీల సంఖ్య, వాడిన మందుల త్రికోణపు రంగు, లక్షణాలు కనిపించిన రోజులు. తీవ్ర లక్షణం చెప్పినవారికి జవాబు సలహా కాదు, 108 వాహనం. అందుకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంతో ముందే మాట్లాడుకొని ఉండాలి.

సిఫార్సులలో మిగిలినవి అందరికీ తెలిసినవే. తక్కువ కాలపు రకాలు, డిసెంబరు దాటకుండా పంట ముగించడం, ఎండుకట్టెను చేను గట్టున పోగుపెట్టకుండా తొలగించడం వాటిలో ముఖ్యమైనవి. వీటిలో రైతు ఎక్కువగా దాటవేసేది డిసెంబరు గడువు. చెట్టు మీద ఇంకా పది కాయలు ఉండగా, ఎకరానికి మరొక క్వింటా రాగలదని కనిపిస్తుండగా, చేను దున్నేయమని చెప్పే సందేశం ఎవరి గొంతులో వస్తే వింటారన్నది కూడా ఆ పరిశీలనలో చేర్చదగిన ప్రశ్న. సుప్తావస్థలో ఉన్న పురుగు ఆ పది కాయల గింజలలోనే వచ్చే జూను వరకు వేచి ఉంటుంది.